ఉన్ని అక్షరాలు: పేరు రాయని పుస్తకం

పోయినవారం హిల్లాని బడి జిరాక్స్ మిషన్ ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది.

గురువారం బఠాణీ సూపు రోజు. ఎంతమందికి వండాలో ఆ లిస్టు కాపీ తీసుకుందామని మిషన్ మూత ఎత్తింది. అద్దం మీద ఎవరో మరిచిపోయిన కాగితం బోర్లా పడి ఉంది. హిల్లాకి అక్షరాలు కుదురుగా నిలబడవు. చిన్నప్పటి నుంచీ అంతే, చూస్తూండగానే ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. నాలుగుసార్లు చదివితే గాని ఆ కాగితం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఐదోసారి చూడబుద్ధి కాలేదు. పైన రౌతుకొస్కి మున్సిపాలిటీ నీలం ముద్ర. కింద, పెర్కాలా ఊరి బడిని ఆగస్టు ఒకటి నుంచి మూసెయ్యాలని ప్రతిపాదన. పిల్లల్ని నలభై కిలోమీటర్ల అవతల పెద్ద బడిలో చేర్చాలని ఇంకో వాక్యం.

ఆ బడిలో వంట చేసేది హిల్లాయే. వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చుని చదివించేదీ తనే. తన కూతురు తైమి చదివేది అక్కడే, ఒకటో తరగతి. తైమికి కూడా తల్లిలాగే అక్షరాలు గంతులేస్తుంటే, పోయిన చలికాలం వంటింట్లో కూర్చుని ఉన్నితో అక్షరాలు అల్లింది హిల్లా. ఇప్పుడు మున్సిపాలిటీ వాటికి 'రౌతుకొస్కి పద్ధతి' అని పేరు పెట్టి పరదేశాలకి అమ్మబోతోంది. కొనడానికి ఒమన్ నుంచి మనిషి వస్తున్నది ఈరోజే, ఇంకో గంటలో.

అమ్మేది ఇక్కడి చదువు. మూసేది ఇక్కడి బడి. ఈ రెండు కాగితాలూ వచ్చింది ఒకే ఆఫీసు నుంచి, ఒకే నీలం ముద్రతో.

హిల్లా ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఏప్రన్ జేబులో దోపుకుంది. పొయ్యి మీద సూపు పొంగుతున్న వాసన వస్తే పరుగెత్తింది.

"ఉప్పు చూశావా?" హెల్వి వంటింటి గుమ్మంలోంచి తల లోపలికి పెట్టింది. హెల్వి ఈ బడికి పెద్ద పంతులమ్మ. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇక్కడే. హిల్లాకి కూడా మొదటి ఆరేళ్ళు చెప్పింది ఆవిడే.

"చూశాను, సరిపోయింది."

"ఆవాల ముద్ద బయట పెట్టు. పంది మాంసం వెయ్యలేదుగా?"

"నువ్వే వద్దన్నావుగా నిన్న, ఒమన్ వాళ్ళు తినరని. వెయ్యలేదు. టాక్సీ తౌనో ఏడుస్తాడు."

"ఏడవనీ. వాడికి ఏడుపే ఆరోగ్యం."

హిల్లా గరిటె తిప్పుతూనే, తలెత్తకుండా అడిగింది. "హెల్వీ, వచ్చే ఏడాది ఒకటో తరగతిలోకి ఎంతమంది వస్తున్నారు?"

హెల్వి ఆవాల ముద్ద సీసా తీసి బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసి ఇంకోచోట పెట్టింది. లేబులు ముందుకి తిప్పింది.

"చూద్దాం," అంది.

ఈ ఊళ్ళో చూద్దాం అంటే లేదని. అది హిల్లాకీ తెలుసు, చెప్పిన హెల్వికీ తెలుసు. జేబులో కాగితం బరువెక్కింది. ఇది హెల్వికి ముందే తెలుసా? ఆ ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది. ఇంతలో వసారాలో పిల్లలు అరవడం మొదలుపెట్టారు. "వచ్చారు! వచ్చారు!"

*

కారు నడిపింది తౌనో. పిల్లల టాక్సీ నడిపేదీ, బడి ముందు మంచు తోసేదీ, బాయిలరు పాడైతే బాగుచేసేదీ అతనే. లోపలికొస్తూ టోపీ దులుపుకుని హిల్లా చెవిలో గొణిగాడు. "దారి పొడుగునా మన పెత్తెరి ఎగుమతి, ఎగుమతి అని ఒకటే పాట. మా నాన్న కలప అమ్మాడు. మా అన్న మిల్లులో కాగితం అమ్మాడు. ఇప్పుడేమో ఆ కాగితం మీద రాసేది అమ్ముతారట. ఇక మిగిలింది సిరా ఒక్కటే."

"ష్, వింటాడు," అంది హిల్లా. ఇంకో రోజైతే నవ్వేది.

పెత్తెరి మున్సిపాలిటీలో చదువుల ఎగుమతి చూసే ఆఫీసరు. పొడుగ్గా, చలికి ఎర్రబడ్డ చెవులతో, పక్క ఊరి మనిషే. అతని వెనక వచ్చిన ఆవిడ పేరు రయ్యా. మస్కట్‌లో బడుల కోసం పద్ధతులు ఎంచిపెట్టే పెద్ద అధికారి. ఆవిడకి ఎవరో తమ కోటు అరువిచ్చినట్టున్నారు, చేతులు కోటు లోపలే ఉండిపోయాయి. తలకి కట్టుకున్న గుడ్డ మీద మంచు రేణువులు కరుగుతున్నాయి.

పెత్తెరి గబగబా సంచిలోంచి బూట్లకి తొడిగే నీలం ప్లాస్టిక్ తొడుగులు తీశాడు. ఈలోగా రయ్యా గోడకి చెయ్యి ఆనించి బూట్లు విప్పేసింది.

"మా ఇంట్లోనూ బూట్లు బయటే," అంది ఇంగ్లీషులో.

తైమి బుట్టలోంచి ఒక జత ఉన్ని సాక్సు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. పెట్టి, అరచెయ్యి అడ్డం పెట్టకుండా దగ్గింది. హిల్లా చూపు ఎప్పటిలాగే దాని చేతుల మీదికి పోయింది. రాత్రి చేతితొడుగులు సరిగా ఆరలేదు, తడివే వేసుకుని మంచులో ఆడింది, అనుకున్నానమ్మా అనుకున్నాను. బడి మూసేస్తే ఈ పిల్ల తెల్లారకముందే లేచి, ఈ దగ్గుతో, నలభై కిలోమీటర్లు. అక్కడ ఒక్కో తరగతికి ఇరవై ఆరుగురు. ఎవరు చూస్తారు దీని చేతితొడుగులు? ఎవరు చూస్తారు దీని వేళ్ళ కింద ఏ అక్షరం జారిపోతోందో?

హిల్లాని కూడా పదమూడో ఏట ఆ పెద్ద బడికే పంపారు. అక్కడ ఒకరోజు ఏదో వ్యాసంలో 'నిప్పు' అని రాయబోయి 'గాలి' అని రాసింది. వాళ్ళ భాషలో తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే సరుకుల మీద సుంకం కట్టే చోటు. ఒక్క అక్షరం జంటగా రాయడంలోనే ఉంది తేడా అంతా. అక్కడి మాస్టరు అది పైకి చదివాడు. "అడవికి గాలి అంటుకుంది." తరగతంతా నవ్వింది. ఆ పేరే మూడేళ్ళు తిరిగింది. "ఏయ్ గాలీ, ఇటు రా." పదహారు నిండగానే హిల్లా పుస్తకాలు తిరిగిచ్చేసి ఇంటికొచ్చేసింది. మళ్ళీ ఎవరి ముందూ పైకి చదవలేదు. పదేళ్ళయింది.

*

తరగతి గదిలో పదమూడు మంది పిల్లలు నేల మీద వలయంగా కూర్చున్నారు. మధ్యలో పలకలు. పలకల మీద ఉన్ని అక్షరాలు, ఎరుపు, బూడిదరంగు, పాకురంగు. ఒంటి అక్షరమైతే పలచగా ఒక వరస అల్లిక. అదే సాగదీసి పలకాలన్నా, నొక్కి పలకాలన్నా రెండు వరసలు కలిపి గుబురుగా. కన్ను మోసం చేసినా వేలు మోసం చెయ్యదు.

"మా ప్రభుత్వం చదువు ఎగుమతిని దేశానికి ముఖ్యమైన పనిగా పెట్టుకుంది," అంటున్నాడు పెత్తెరి. "రాయబార కార్యాలయం మీలాంటివాళ్ళని మా దగ్గరికి చేరుస్తుంది. మంత్రిత్వశాఖ పద్ధతిని పరీక్షించి ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ఉన్న పద్ధతులు దేశం మొత్తం మీద కొన్నే. మారుమూల మున్సిపాలిటీల్లో మాది ఒక్కటే."

హిల్లా గోడ పక్కన నిలబడి వింటోంది. తైమి పక్కన కూర్చుని కార్టూన్లు చూస్తూ నేర్చుకున్న ఇంగ్లీషు తనది. మాట్లాడ్డానికి నోరు రాదు గాని వింటే తెలుస్తుంది.

రయ్యా తలూపింది, కానీ చూపంతా పిల్లల మీదే. ఆ అరువు కోటు ఎప్పుడో విప్పేసింది. కాసేపటికి తనూ వెళ్ళి నేల మీద కూర్చుంది. తైమి ఆవిడ చెయ్యి పట్టుకుని, చూపుడు వేలు తీసుకెళ్ళి పలక మీద పెట్టింది. ముందు తులి. తరవాత తూలి. తరవాత తుల్లి. ఆవిడ కళ్ళు మూసుకుంది. గుబురుగా ఉన్న చోట వేలు ఆగింది.

"ఓహ్," అంది. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి తడిమింది. "మా భాషలోనూ ఇంతే. దరస అంటే చదువుకున్నాడు. దర్రస అంటే చదువు చెప్పాడు. మధ్యలో ఒక్క అక్షరం నొక్కాలి, అంతే తేడా. మా పిల్లలకి అక్కడే కాలు జారుతుంది. నేను ఎన్ని దేశాలు తిరిగానో తెలుసా? అందరూ తెర మీద బొమ్మలు చూపించారు. నొక్కడం చేతికి తగిలేలా ఎవరూ చెయ్యలేదు." కళ్ళు తెరిచి పెత్తెరి వైపు తిరిగింది. "ఇది ఎవరు చేశారు?"

పెత్తెరి తడుముకోలేదు. "మా నిపుణుల బృందం."

ఆ మాట హిల్లాకి తెలుసు. కార్టూన్లో ఎలుగుబంటి కళ్ళజోడు పెట్టుకుని వచ్చిన ప్రతిసారీ ఆ మాటే అంటుంది. నిపుణుడు.

రయ్యా బల్ల మీది పుస్తకం అందుకుంది. ఉన్ని అక్షరాలు ఎలా అల్లాలో, ఏ వారం ఏ మాట నేర్పాలో బొమ్మలు గీసిన పుస్తకం. అట్ట తిప్పింది. వెనక అట్ట కూడా తిప్పింది. "పేర్లు లేవే?"

నిజంగానే లేవు. ఆ పుస్తకం కుట్టిన రోజు హెల్వి అడిగింది, నీ పేరు రాయవే అని. "ఎందుకు, డప్పు కొట్టుకోవడానికా?" అంది హిల్లా. హెల్వి కూడా నవ్వి ఊరుకుంది. పెర్కాలాలో చేసిన పని మీద ఎవరూ పేరు రాసుకోరు. బడి వసారా అందరూ కలిసి కట్టారు, పేరు లేదు. చెరువు గట్టు మీద బల్లలు, చర్చిలో అల్లిన తెరలు, చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళకి పంపే రొట్టెలు, దేని మీదా పేరు లేదు. పేరు రాసుకున్నవాడి వైపు నలుగురూ చూసి దగ్గుతారు, అంతే, వాడు ఊళ్ళో తలెత్తుకోలేడు. అమ్మమ్మల నాటి నుంచీ ఉన్న ఆ మర్యాదే ఈరోజు వచ్చి హిల్లా పీక పట్టుకుంది. పేరు లేని సరుకు ఎవడు పట్టుకుపోతే వాడిదే.

హిల్లా హెల్వి వైపు చూసింది. హెల్వి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"పిల్లలు బాగా చదువుతున్నారు," అంది రయ్యా లేచి నిలబడి. "కానీ బట్టీ పట్టిందేమో నాకెలా తెలుస్తుంది? ఈ పిల్లకి తను ఎప్పుడూ చూడనిది ఏదన్నా ఇవ్వండి. ఏ కాగితమైనా సరే."

పెత్తెరి అదే తమ భాషలో చెప్పాడు. తైమి గది చుట్టూ చూసింది. పుస్తకాలన్నీ చూసినవే. గోడ మీద రాతలన్నీ చూసినవే. చూసి చూసి, ఆ కళ్ళు అమ్మ ఏప్రన్ జేబు దగ్గర ఆగాయి. మడత పెట్టిన కాగితం మూల బయటికి కనిపిస్తోంది.

"అమ్మా, అది ఇవ్వు. అది నేను చూళ్ళేదు."

హిల్లా చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. కాగితం చివర నీలం ముద్ర కనబడుతోందని అప్పుడు తెలిసింది. అది పెత్తెరి కూడా చూశాడు. ఎర్రటి చెవులు ఒక్కసారిగా తెల్లబడ్డాయి.

"హిల్లా గారూ," అన్నాడు. "ఆ కాగితం మీది కాదు. ఇలా ఇవ్వండి."

పెర్కాలాలో ఎవరూ ఎవర్నీ మీరు అనరు. పంతులమ్మనీ నువ్వే, పాస్టరునీ నువ్వే. మీరు అన్నారంటే చేతిలో కోర్టు కాగితమన్నా ఉండాలి, కడుపులో కత్తన్నా ఉండాలి. ఏమీ అర్థంకాని ఒకటో తరగతి పిల్లలు కూడా తలలెత్తి చూశారు.

"అమ్మా, ఇవ్వవేం? నేను చదువుతాగా," అంది తైమి చెయ్యి చాపి. దాని ముఖంలో భయమే లేదు. పోయిన ఏడాది ఈ రోజుకి, చదవమంటే బల్ల కింద దూరిన పిల్ల.

ఇస్తే చదువుతుంది. వేలు కదుపుతూ, ఒక్కో మాటా విడగొట్టి, తన బడి చావు కబురు తనే చదువుతుంది. అందరి ముందూ. చదివేశాక అర్థమవుతుంది. పెత్తెరి నోరు మూయించడానికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండదు, ఆ సంగతి హిల్లాకి తెలుసు. ఒక్క క్షణం వేళ్ళు కాగితాన్ని సగం బయటికి తీశాయి కూడా.

మళ్ళీ లోపలికి నెట్టేసింది.

"ఇది పెద్దవాళ్ళ కాగితం, బంగారం. బాగా ముతక రాత. నువ్వెళ్ళి పాన్‌కేక్ తిను. తౌనో! పిల్లలందర్నీ తీసుకెళ్ళు. జామ్ బీరువా పై అరలో ఉంది. దీనికి వేడి నీళ్ళు పట్టించు, దగ్గుతోంది."

"నాకు చదవడం వచ్చు," అంది తైమి, మూతి ముడిచి.

"వచ్చు. నాకు తెలుసు."

తౌనో అప్పటికే గుమ్మంలోకి వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు. ఏదో జరుగుతోందని మెడ వెనక వెంట్రుకలతో పసిగట్టే మనిషి. "పదండి పదండి, ఆలస్యంగా వచ్చినవాడికి అంచు ముక్కే," అనగానే పదమూడు జతల సాక్సులు గదిలోంచి జారుకుంటూ పోయాయి. తలుపు మూసుకుంది.

"హిల్లా," ఇప్పుడు పెత్తెరి గొంతు తగ్గించాడు. నవ్వు ముఖం రయ్యా వైపు ఉంచి, మాట మాత్రం ఇటు విసిరాడు. "బుద్ధుందా నీకు? అది ఇంకా కమిటీ ముందుకే పోలేదు. ఒట్టి ప్రతిపాదన. ఆవిడ వెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఆవిడ వెళ్ళాక నాతో ఎందుకు మాట్లాడతావు నువ్వు?"

"నాకేం సరదానా? మా ఊరి బడిని మూసినప్పుడు నేను రెండో తరగతి. నేను బస్సెక్కి వెళ్ళలేదా? ఈ ఊళ్ళో పిల్లలు లేరు హిల్లా. మూడేళ్ళుగా ఒక్క పాపాయి బండి కనబడ్డం లేదు. ఇది అమ్ముడుపోతే ఆ ముద్ర మనకి నిలుస్తుంది, పెద్ద బడన్నా బతుకుతుంది. చెడగొట్టకు."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే హిల్లాకి ఎక్కువ కష్టంగా ఉంది. అబద్ధమైతే తిట్టి ఊరుకోవచ్చు.

"ఏమంటున్నారు?" అంది రయ్యా.

"ఏం లేదు, వంట సంగతి," అన్నాడు పెత్తెరి ఇంగ్లీషులో.

వంట సంగతి. హిల్లా జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పింది.

"చూడనిది చదవమన్నారుగా. నేను చదువుతాను."

కాగితం వణికింది. కాగితం వణికితే అక్షరాలకి పండగే కదా, ఎగరడం మొదలుపెట్టాయి. "పె... పెర్కాలా... ఊరి..." ఎక్కడో పదేళ్ళ వెనకనుంచి తరగతంతా నవ్వుతున్నట్టే ఉంది. తరవాతి మాట పద్దెనిమిది అక్షరాలది, మధ్యలో రెండుచోట్ల జంటలు. మూసివేత ప్రతిపాదన అనడానికి వాళ్ళ భాషలో ఒకటే మాట, రైలుపెట్టెల్లాగా ఒకదానికొకటి తగిలించి ఉంటుంది. మొదటి జంట దగ్గరే ఆగిపోయింది.

ఎవరూ సాయం రాలేదు. పెత్తెరి కళ్ళు నేలకి దించుకున్నాడు, సిగ్గుతోనో జాలితోనో. హెల్వి పెదవులు మాత్రం చప్పుడు లేకుండా కదులుతున్నాయి, పూర్వం ఒకటో తరగతిలో కదిలినట్టే.

హిల్లా ఎడమ చెయ్యి బల్ల మీదికి జారింది. అక్కడ పలక ఉంది. తను అల్లిన పలకే. బొటనవేలికి గుబురు తగిలింది. నొక్కింది. ఇక్కడ ఆగాలి, ఇక్కడ నొక్కాలి. మళ్ళీ ముందుకి. పలక మీద వేలు కదులుతుంటే కాగితం మీద అక్షరాలు ఒకటొకటిగా వచ్చి వాటి వాటి చోట కూర్చున్నాయి. పద్దెనిమిదీ పలికింది. ఆ తరవాతిది ఆగకుండా చదివింది. ఆగస్టు ఒకటి, నలభై కిలోమీటర్లు, పెద్ద బడి. చివర చుక్క దాకా.

రయ్యాకి ఆ భాషలో ఒక్క ముక్క రాదు. అయినా కదలకుండా వింది.

హిల్లా కాగితం కిందికి దించి, తనకున్న ఇంగ్లీషంతా పోగుచేసుకుంది. మూడు మాటలు వచ్చాయి.

"బడి. మూత. ఆగస్టు."

"ఏ బడి?" అంది రయ్యా.

హిల్లా కాలితో నేలని తట్టింది. ఇదే.

రయ్యా పెత్తెరి వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. సంతలో తూకం సరిచూసుకునే మనిషి ముఖంలా ఉంది. "మీ ప్రభుత్వపు ముద్ర చూసే మేము ఇంత దూరం వచ్చాం. ఆ ముద్ర షరతులు నేను పూర్తిగా చదివాను. ఏడోది ఏమిటో గుర్తుందా? పద్ధతి పుట్టిన బడిలో అది రోజూ నడుస్తూ ఉండాలి. కొన్న దేశపు పంతుళ్ళు ఎప్పుడొచ్చినా కూర్చుని చూసే వీలుండాలి. మూడేళ్ళు. నేను కొనేది పుస్తకం కాదు. ఈ నేల మీద కూర్చునే హక్కు కొంటున్నాను."

"పద్ధతి పెద్ద బడికి మారుస్తాం," అన్నాడు పెత్తెరి. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "అక్కడ ఇంకా మంచి గదులు..."

"పుట్టింది అక్కడ కాదుగా. ఇంతకీ పుట్టించింది ఎవరు? నిపుణులన్నారు. వాళ్ళని పిలవండి, మాట్లాడతాను."

పెత్తెరి చేతిలోని నీలం తొడుగులు మళ్ళీ సంచిలో పెట్టుకోసాగాడు.

జవాబు హిల్లా దగ్గర ఉంది. తన భాషలో అది రెండే మాటలు. ఆ ఊళ్ళో ఏ ఆడదీ, ఏ మగాడూ పైకి అనని రెండు మాటలు. చర్చి తెర అల్లినవాళ్ళు అనలేదు, వసారా కట్టినవాళ్ళు అనలేదు. అంటే నలుగురూ దగ్గుతారు. దగ్గనీ. పక్కగదిలో తైమి దగ్గు వినబడుతోంది. ఆ దగ్గే ముందుకి తోసినట్టయింది.

"నేను చేశాను," అంది.

గట్టిగా ఏమీ అనలేదు. ఆకాశం కూలలేదు. ఎవరూ దగ్గలేదు. పెత్తెరి మాత్రం ఆ మాటని అనువాదం చెయ్యకుండా నిలబడ్డాడు. అవసరం కూడా లేకపోయింది. హిల్లా బొటనవేలు ఇంకా పలక మీదే ఉంది, ఆ వేలికి సూదులు గుచ్చుకున్న పాత మచ్చలున్నాయి. రయ్యా ఆ వేలు చూసింది, అల్లిక చూసింది, తల ఊపింది.

తరవాత తన తోలుసంచి తెరిచింది. లోపల ఫైళ్ళు. ఒకదాన్ని తీసి, అందులోంచి ఒక కాగితం బయటికి లాగి, హిల్లా ముందు పెట్టింది.

"అయితే ఇది చూడు. మీ మంత్రిత్వశాఖ ముద్ర కోసం ఇచ్చిన అంగీకార పత్రం. పద్ధతి నాదే, నా ఇష్టంతోనే హక్కులన్నీ మున్సిపాలిటీకి ఇచ్చేస్తున్నాను అని, తయారుచేసిన మనిషి సంతకం పెట్టింది. పోయిన నవంబరులో. ఈ సంతకం నీదేనా?"

నవంబరులో హిల్లా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. వంగి చూసింది. నీలం సిరా. గుండ్రటి, ఓపికైన దస్తూరి. ఆ దస్తూరి చదవడానికి నాలుగుసార్లు అక్కర్లేదు, వేలు అక్కర్లేదు. లోకంలో హిల్లాకి మొదటిచూపులోనే తెలిసిపోయే చేతిరాత అదొక్కటే. ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి దాకా తన ప్రతి కాపీ పుస్తకం కిందా, 'బాగుంది, ఇంకా ప్రయత్నించు' అని రాసిన చెయ్యి. ఇక్కడ ఆ చెయ్యి రాసింది తన సొంత పేరే.

హెల్వి.

హిల్లా తలెత్తింది. కిటికీ దగ్గర హెల్వి ఇటు తిరిగి నిలబడి ఉంది. ముఖం సున్నం కొట్టినట్టుంది, కానీ చూపు తిప్పుకోలేదు.

"చేసినదాని మీద పేరు రాసుకోకూడదని చిన్నప్పుడు నాకు నేర్పింది నువ్వే కదా," అంది హిల్లా.

"నేనే," అంది హెల్వి. "రాసుకున్నదీ నేనే." కిటికీ వదిలి రెండడుగులు ముందుకొచ్చింది. పెత్తెరి ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. "నువ్వు నోరెత్తకు పెత్తెరీ. నవంబరులో నాతో ఈ సంతకం పెట్టించిన రోజు నా ఎదురుగా ఇంకో కాగితం పెట్టావు. దాని మీద తైమి పేరు ఉంది. అందులో ఏం రాసుందో నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"